అన్నిటికన్నా పెద్ద సమస్య ఏది?

ఎన్నికలొస్తే చాలు, పేపర్లో లెక్కలొస్తాయి. ‘నిరుద్యోగమే ప్రధాన సమస్య అన్నవారు ఇంత శాతం... ధరలు అన్నవారు ఇంత శాతం’ అంటూ. ఆ లెక్క ఎవరు తీస్తారు? ఎలా తీస్తారు? ఏలూరు టీకొట్టులో, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో, కొల్లేటి లంకల్లో అదే ప్రశ్న వేస్తే ఒకే జవాబు వస్తుందా? అసలు మన మాట ఆ లెక్కలోకి ఎక్కుతోందా?

ఓ పని చేద్దాం. ఒక అట్ట, దానికి నాలుగు తెల్లకాగితాలు, జేబులో ఓ పెన్ను పెట్టుకుని ఊహల్లోనే సర్వేకి బయల్దేరదాం. అడగాల్సింది ఒకే ఒక్క ప్రశ్న. ‘ఇవాళ అన్నిటికన్నా పెద్ద సమస్య ఏమిటండీ?’

మొదటి మజిలీ ఏలూరు. కృష్ణా కాలువ, గోదావరి కాలువ వచ్చి కలిసే ఊరు. టీకొట్టు ముందు పేపరు పంచుకుని చదువుకుంటున్నవాళ్ళను అడిగామనుకోండి. ‘కుళాయి నీళ్ళు’ అంటారు ఓ పెద్దాయన. ‘మావాడి బీటెక్ అయి రెండేళ్ళయింది, ఇంకా ఇంట్లోనే ఉన్నాడు’ అంటారు పక్కాయన. గ్లాసులు కడుగుతున్న మనిషి తలెత్తకుండానే ‘ఇంటద్దె’ అంటాడు. కొట్టాయన మాత్రం ‘రాజకీయ నాయకులే పెద్ద సమస్య, రాసుకో బాబూ’ అని నవ్వుతాడు. నవ్వులాటకే అన్నా, రాసుకోవాల్సిందే. అదీ జవాబే!

రైలెక్కితే తాడేపల్లిగూడెం ఎంతో దూరం లేదు. ఉల్లి వ్యాపారానికి పేరున్న ఊరు. కర్నూలు సరుకు, మహారాష్ట్ర సరుకు ఇక్కడ దిగుతుంది. కొట్టు గుమాస్తాను, బస్తాలు దించే హమాలీని, సంచీ పట్టుకుని వచ్చిన ఇల్లాలిని విడివిడిగా అడిగితే ముగ్గురూ ఒకటే మాట అనొచ్చు... ‘ధర’. కానీ ముగ్గురి బాధా ఒకటి కాదు. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం.

మళ్ళీ ఏలూరొచ్చి కైకలూరు రోడ్డు పట్టుకుంటే కొల్లేరు. గట్ల మధ్య చేపల చెరువులు, పైన గూడబాతులు, దూరంగా నీళ్ళ నడుమ ఓ లంక గ్రామం. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం టిన్ను కొనుక్కోవాలి. అక్కడ అరుగు మీద కూర్చున్నవాళ్ళను ఇదే ప్రశ్న అడిగితే వచ్చే మాట ‘కాంటూరు’. ఈ ప్రాంతం తెలియని కుర్రాడు సర్వేకి వచ్చాడనుకోండి, ‘అంటే ఏంటండీ?’ అని అడుగుతాడు. తన కాగితంలో ఆ మాట ఎక్కడా ఉండదు. నిరుద్యోగం, ధరలు, అవినీతి, రోడ్లు, నీళ్ళు... ఇవే ఉంటాయి. ఏం చేస్తాడు? చివరి గడిలో టిక్కు పెడతాడు. ఆ గడి పేరు ‘ఇతరములు’.

మన కథ ఆ గడి గురించే.

ప్రశ్నకు తొంభై ఏళ్ళు

‘దేశం ముందున్న అతి ముఖ్యమైన సమస్య ఏది?’ అని జనాన్ని అడిగి లెక్కగట్టే అలవాటు అమెరికాలో మొదలైంది. జార్జి గాలప్ అనే ఆయన 1935లో ప్రజాభిప్రాయ సంస్థ పెట్టారు. 1930ల నుంచి ఇప్పటిదాకా ఆ సంస్థ అదే ప్రశ్నను మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంది. ఓసారి యుద్ధం పైకొస్తుంది, ఓసారి ధరలు, ఓసారి ఉద్యోగాలు. వరసగా పేర్చి చూస్తే ఓ దేశం దేనికి భయపడిందో తెలిపే డైరీలా ఉంటుంది.

గాలప్ పేరు మోగిపోయింది 1936లో. అప్పట్లో ‘లిటరరీ డైజెస్ట్’ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల మీద దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 24 లక్షల దాకా తిరిగొచ్చాయి. వాటిని లెక్కబెట్టి రూజ్‌వెల్ట్ ఓడిపోతారని రాసింది. ఆయనేమో 48 రాష్ట్రాల్లో 46 గెలిచి కూర్చున్నారు! పత్రిక చిరునామాలు ఏరుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆ కరవు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్ళు ఎవరు? వాళ్ళ అభిప్రాయమే దేశం అభిప్రాయం అనుకున్నారు. ఎంతోమంది తక్కువ శాంపిల్‌తో గాలప్ మాత్రం గెలుపు ఎవరిదో సరిగ్గా చెప్పారు. ఎంతమందిని అడిగామన్నది కాదు, ఎవరిని అడిగామన్నదే ముఖ్యమని లోకానికి తెలిసొచ్చింది.

మన దేశంలో ఈ పనిని పద్ధతిగా చేస్తున్నవాటిలో ముందు చెప్పుకోవాల్సింది ఢిల్లీలోని సీఎస్‌డీఎస్. రజనీ కొఠారీ 1963లో స్థాపించారు. 1967 నుంచీ ఎన్నికల అధ్యయనాలు చేస్తోంది. ఆ సంస్థలోని ‘లోక్‌నీతి’ విభాగం ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని కొన్ని నియోజకవర్గాలు, వాటిలో కొన్ని పోలింగ్ కేంద్రాలు, వాటిలో కొన్ని పేర్లు లాటరీ తీసినట్టు ఎంచుకుంటుంది. ఆ పేరుగల మనిషి ఇంటికే వెళ్ళి అడుగుతుంది. వీధి చివర దొరికినవాళ్ళను అడిగి రావడం కుదరదు.

2024 లోక్‌సభ ఎన్నికల ముందు 19 రాష్ట్రాల్లో పదివేల మంది పైచిలుకు ఓటర్లను లోక్‌నీతి అడిగింది. ఓటేసేటప్పుడు మీకు అతి ముఖ్యమైనది ఏదంటే నిరుద్యోగం అన్నవారు 27 శాతం, ధరల పెరుగుదల అన్నవారు 23 శాతం. ఈ రెండూ కలిపితే సగం దేశం.

అంతకుముందు, 2018 అక్టోబరు-డిసెంబరు మధ్య ఏడీఆర్ సంస్థ 534 లోక్‌సభ స్థానాల్లో 2.73 లక్షల మందిని అడిగింది. మెరుగైన ఉపాధి 46.8 శాతం, మంచి ఆసుపత్రులు 34.6 శాతం, తాగునీరు 30.5 శాతం. మూడింటినీ కూడి చూడండి... 111.9 వస్తుంది! నూటికి నూటపన్నెండు మంది ఎక్కణ్ణుంచి వచ్చారని కంగారు పడకండి. అక్కడ ఒక్కొక్కరూ ఒకటికన్నా ఎక్కువ సమస్యలు చెప్పారు. లోక్‌నీతి ఒక్కటే చెప్పమంది. అందుకే ఏడీఆర్ 46నీ లోక్‌నీతి 27నీ పక్కపక్కన పెట్టి ‘ఉద్యోగాల బాధ తగ్గిపోయింది’ అంటే తప్పులో కాలేసినట్టే.

ఒక్క మెతుకు చాలు... కలియబెడితే!

‘మా ఇంటికెవరూ రాలేదు, మమ్మల్ని ఎవరూ అడగలేదు. మరి ఈ సర్వే ఎక్కడ చేశారు?’ ఇది చాలామందికి వచ్చే అనుమానమే. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నెడూ పిసకం కదా, ఒక్క మెతుకు పట్టి చూస్తాం. సర్వే కూడా అంతే. సరిగ్గా ఎంచుకుంటే వెయ్యిమందిని అడిగినా మొత్తం రాష్ట్రం మాట మూడు శాతం అటూ ఇటూగా తెలుస్తుంది. జనాభా కోటి అయినా ఐదు కోట్లయినా పెద్దగా తేడా రాదు.

కానీ కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడాలంటే ముందు గరిటెతో కలియబెట్టాలి. అడుగున ఉన్నది పైకి రావాలి. చిక్కంతా అక్కడే.

కొల్లేటి సంగతే తీసుకుందాం. ఆ లంకల్లో, చుట్టుపక్కల గ్రామాల్లో మొత్తం మూడు లక్షల మంది ఉన్నారనుకుందాం. 2011 లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు ఐదు కోట్లు. రాష్ట్రమంతటికీ వెయ్యిమంది శాంపిల్ అయితే కొల్లేటి వాటాకి వచ్చేది ఆరుగురు! ఆ ఆరుగురూ కలిసికట్టుగా ‘కాంటూరే’ అన్నా లెక్కలో అది 0.6 శాతం. పేపర్లో అచ్చవ్వదు. అలాగని సర్వే తప్పా? కాదు. రాష్ట్రం మొత్తానికి అది సరైన లెక్కే. కొల్లేటికి మాత్రం అది లెక్కే కాదు.

సరే, నియోజకవర్గం స్థాయిలో అడిగితే? అక్కడా ఇబ్బందే. కొల్లేటి గ్రామాలు ఒకే గూటిలో లేవు. కైకలూరు, దెందులూరు, ఉంగుటూరు, ఉండి నియోజకవర్గాల్లో పంచుకుపోయాయి. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడేదాకా సరస్సులో కొంత కృష్ణా జిల్లాది, కొంత పశ్చిమగోదావరిది. ఏలూరు లోక్‌సభ స్థానాన్నే చూడండి. ఓ చివర పోలవరం నిర్వాసితులు, మధ్యలో నూజివీడు మామిడి, చింతలపూడి మెట్ట, ఇంకో చివర కైకలూరు చేపలు. వీటన్నిటికీ సగటు కట్టి ‘ఏలూరు ప్రజల ప్రధాన సమస్య ఇదీ’ అని ఒక్క మాటలో చెబితే అది ఎవరి సమస్యా కాకుండా పోవచ్చు.

అడిగే తీరులోనే ఉంది

సర్వేల్లో ప్రశ్న వేసే పద్ధతులు రెండు. ఒకటి, ప్రశ్న అడిగి ఊరుకోవడం. ఎదుటివాళ్ళు ఏం చెబితే అది రాసుకోవడం. రెండోది, నాలుగో పదో సమస్యల పేర్లు చదివి వాటిలో ఒకటి ఎంచుకోమనడం. రెండూ ఒకటే అనిపిస్తుంది కానీ కాదు.

1987లో హోవర్డ్ షూమన్, జాక్వెలిన్ స్కాట్ అనే పరిశోధకులు అమెరికాలో ఓ ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొందరిని ఊరికే ‘దేశంలో అతి ముఖ్యమైన సమస్య ఏది?’ అన్నారు. ఇంకొందరికి నాలుగు పేర్లు చదివి వినిపించారు. ఇంధన కొరత, బడుల నాణ్యత, గర్భస్రావ చట్టం, కాలుష్యం. ‘ఇవి కాక వేరేదైనా ఉంటే అదీ చెప్పొచ్చు’ అని కూడా అన్నారు. ఊరికే అడిగినప్పుడు ఈ నాలుగింటినీ చెప్పినవాళ్ళు అందరూ కలిపి నూటికి ముగ్గురు కూడా లేరు. పేర్లు చదివాక? నూటికి అరవైమంది ఆ నాలుగింట్లోనే ఒకటి పట్టుకున్నారు!

పెళ్ళి భోజనంలో వడ్డించేవాళ్ళు ‘గారె కావాలా, బూరె కావాలా’ అంటే ఏదో ఒకటి వేయమంటాం. ఆకలిగా ఉన్నది పెరుగన్నం మీదైనా నోరు తెరిచి అడగం. ఇదీ అంతే. జాబితా రాసినవాడే సగం జవాబు రాసేస్తాడు.

మరి ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అంటూ వచ్చే ఫోన్ల మాటేమిటి? ఐవీఆర్‌ఎస్ అంటున్నామే, అవి. మన రాష్ట్రంలో ప్రభుత్వ పథకాల మీద అభిప్రాయాలకూ వాడారు, 2024 ఎన్నికల ముందు తెలుగుదేశం పార్టీ అభ్యర్థుల ఎంపికలోనూ వాడింది. చిటికెలో లక్షలమందికి ఫోన్లు వెళతాయి, ఖర్చు తక్కువ. కానీ నొక్కడానికి ఉన్న అంకెలు ముందే ఖాయం. అందులో ‘కాంటూరు’కు అంకె ఉండదు. పైగా ఫోను ఇంటాయన జేబులో ఉంటే నొక్కేది ఆయనే. పొలంలోనో చెరువు గట్టు మీదో ఉన్నప్పుడు వస్తే కట్ చేసేదీ ఆయనే.

ఇంకో మెలిక. అదే 2024 లోక్‌నీతి సర్వేలో ‘ఉద్యోగం దొరకడం కష్టమైపోయింది’ అన్నవారు 62 శాతం. ‘ధరలు పెరిగాయి’ అన్నవారు 71 శాతం. కానీ ‘అన్నిటికన్నా ముఖ్యం’ అని చెప్పమన్నప్పుడు అవి 27, 23 అయ్యాయి. అంటే మిగతావాళ్ళకు ఆ బాధ లేదని కాదు. ఒక్కటే చెప్పమన్నారు కాబట్టి మనసులో పైనున్న ఒక్కటే చెప్పారు.

అసలు ‘ముఖ్యం’ వేరు, ‘సమస్య’ వేరు. రేషను బియ్యం మా ఊరి పెద్ద సమస్య అని ఇవాళ ఎవరూ చెప్పరు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మాట ఎన్టీ రామారావు ప్రచారంలో ఎంత పనిచేసిందో పెద్దవాళ్ళను అడగండి. ఇప్పుడు సర్వేలో ఆ మాట వినపడదు. ముఖ్యం కాకపోయా? దొరుకుతోంది కాబట్టి! ఒక్క నెల ఆపి చూడండి, ఏది పైకొస్తుందో.

ఒకటే మాట, మూడు బాధలు

తాడేపల్లిగూడెం మార్కెట్లో ముగ్గురూ ‘ధర’ అన్నారని చెప్పుకున్నాం కదా. ఇల్లాలి బాధ ధర పెరిగిందని. 2019 చివర్లో కిలో ఉల్లి వంద రూపాయలు దాటినప్పుడు కొనకుండానే కన్నీళ్ళొచ్చాయి. సరుకు పండించిన కర్నూలు రైతు బాధ ధర పడిపోయిందని. 2025లో గిట్టుబాటు కాక రైతులు గగ్గోలు పెట్టారు. సరుకు తగ్గితే హమాలీకి పని తగ్గుతుంది, అతనికి కూలి ధర సమస్య. సర్వే కాగితంలో మూడూ ఒకే గడిలో పడతాయి... ‘ధరలు’. దాన్ని చూసి ప్రభుత్వం ధర తగ్గించాలా, పెంచాలా?

కొల్లేటి చుట్టుపక్కల రొయ్యల రైతుదీ అదే తీరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు ఇక్కడి చెరువుల మీద కౌంటు రేటు గురించి బెంగ పెట్టుకున్నారు. ఆయన కూడా ‘రేటు’ అనే అంటాడు. ఢిల్లీలో కూర్చుని కాగితాలకు అంకెలు వేసేవాళ్ళకు ఆ ‘రేటు’ కూరగాయల రేటో, రొయ్యల రేటో తెలియాలంటే పక్కన ఇంకో ముక్క రాసి ఉండాలి. మంచి సర్వేలో జవాబును అన్నవాళ్ళ మాటల్లోనే రాసుకోమనేది అందుకే.

నిన్నటి వార్త, నేటి సమస్య

ఎప్పుడు అడిగారన్నది ఇంకో లెక్క. 2020 డిసెంబరు మొదటివారం గుర్తుందా? ఏలూరులో ఉన్నట్టుండి మనుషులు కళ్ళు తిరిగి, ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొద్దిరోజుల్లోనే ఆరువందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ సహా పెద్దపెద్ద సంస్థలు వచ్చి నీళ్ళూ రక్తమూ పరీక్షించాయి. చివరికి పురుగుమందుల అవశేషాలే కారణం కావచ్చని నివేదికలను బట్టి ప్రభుత్వం చెప్పింది. ఆ వారంలో ఏలూరులో మన ప్రశ్న అడిగితే రెండో జవాబు ఉండేదా? అందరిదీ ఒకటే మాట, ‘నీళ్ళు తాగాలంటే భయమేస్తోంది’. ఆరు నెలలు పోనిచ్చి అడిగితే కరోనా రెండో విడత... ఆక్సిజన్ సిలిండరు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీళ్ళు వచ్చి చేరేది కొల్లేటికే. బెజవాడలో నీళ్ళు తీస్తుంటే ఇక్కడ లంక గ్రామాల చుట్టూ నీళ్ళు ఎక్కాయి, కైకలూరు రోడ్డు మీదికి వచ్చాయి. అప్పుడు అడిగితే ‘వరద’. ఎండాకాలంలో అదే మనిషిని అడిగితే ‘చేపలకు నీళ్ళు లేవు’. మనిషి మారలేదు, నెల మారింది.

ఇందులో మా పత్రికల వాటా కూడా ఉంది, దాచుకోకూడదు. 1968 అమెరికా ఎన్నికల్లో మాక్స్‌వెల్ మెకూంబ్స్, డొనాల్డ్ షా అనే ఇద్దరు అధ్యాపకులు చాపెల్ హిల్ అనే చిన్న ఊళ్ళో ఇంకా ఎటూ తేల్చుకోని వందమంది ఓటర్లను ‘ఏ సమస్యలు ముఖ్యం?’ అని అడిగారు. మరోపక్క పత్రికల్లో, టీవీల్లో ఏ వార్తలకు ఎంత చోటిచ్చారో కొలిచారు. రెండు జాబితాలూ దాదాపు ఒకే వరసలో ఉన్నాయి! పత్రికలు జనానికి ‘ఏమనుకోవాలో’ చెప్పలేకపోవచ్చు కానీ, ‘దేని గురించి అనుకోవాలో’ మాత్రం చెబుతాయని తేలింది. కాబట్టి సర్వే చదివేటప్పుడు ముందువారం పేపర్లు కూడా ఓసారి తిరగేయడం మంచిది.

ఇంట్లో ఎవరిని అడిగారు?

తలుపు కొడితే బయటికొచ్చేది ఎక్కువగా ఇంటాయన. ‘ఏమండీ, మీ ఊళ్ళో సమస్యలేమిటి?’ అంటే ఆయన ఎరువులనో రోడ్డనో చెబుతాడు. లోపల పొయ్యి దగ్గరున్న ఆవిడను అడిగితే?

ఆ తేడా ఎంతుంటుందో మన రాష్ట్రమే ఓసారి చూసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడుల్లో కూర్చున్న ఆడవాళ్ళు అక్షరాలతోపాటు తమ బతుకుల గురించీ మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట మహిళలు సారా అమ్మకాలను అడ్డుకున్నారు. రోశమ్మ పేరు ఊరూరా పాకింది. ఒక ఊరిది అనుకున్న గొడవ రాష్ట్రాన్ని కదిలించింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం. 1994 చివర్లో అధికారంలోకి వచ్చిన ఎన్టీఆర్ మాటిచ్చిన ప్రకారం 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. దాన్ని 1997లో సడలించారు, అది వేరే కథ.

ఇంటాయన చెప్పే జాబితాలో సారా ఎందుకుంటుంది? అడగాల్సిన మనిషిని అడగనంతకాలం సమస్య లేనట్టే కనిపిస్తుంది. ఆ మనిషే నోరు విప్పితే ప్రభుత్వాలు దిగొస్తాయి. ఓటర్ల జాబితాలో ఏ పేరు వస్తే ఆ మనిషినే, ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలనే నియమం ఊరికే పెట్టలేదు.

అర్జీలు లెక్కబెడితే సరిపోదా?

‘సర్వే దేనికండీ, సోమవారం కలెక్టరేట్‌కు వెళితే జనం గోడు అంతా తెలుస్తుంది’ అంటారు కొందరు. నిజమే, అదీ ఓ కొలతే. 1997లో జన్మభూమి గ్రామసభల్లో ఊరి అవసరాలు రాయించుకున్నారు. 2019 జులై నుంచి ‘స్పందన’ నడిచింది. 2024 నుంచి ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పేరు మారినా పద్ధతి అదే. అర్జీ, రశీదు, ఎదురుచూపు.

కానీ అర్జీలో రాసేది నా పట్టా, నా పింఛను, నా సరిహద్దు రాయి. ‘కొల్లేరు పూడిపోతోంది’ అని అర్జీ ఎవరు పెడతారు? పెట్టినా ఏ శాఖకు పంపుతారు? పైగా అర్జీ పట్టుకుని ఏలూరు దాకా రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. రాగలిగినవాళ్ళ సమస్యలే అక్కడ కనిపిస్తాయి. సర్వే ఇంటికొచ్చి అడుగుతుంది. అర్జీ మనమే మోసుకెళ్ళాలి. రెంటికీ అందనిది ఎక్కడో మిగిలిపోతుంది.

ఇంతకీ ఆ ‘కాంటూరు’ ఏమిటి?

మిగిలిపోయిన మాట దగ్గరికి వద్దాం. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా ఉన్న కొల్లేటి ప్రాంతమే ఐదో కాంటూరు. 1999లో ప్రభుత్వం దాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. దాదాపు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయంగా కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల రాంసర్ జాబితాలోకి కొల్లేరు ఎక్కింది. ఆ హద్దులో చేపల చెరువులు నడపకూడదు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ‘ఆపరేషన్ కొల్లేరు’ జరిగింది. చెరువుల గట్లు తెగ్గొట్టారు. జిరాయితీ భూములున్నవాళ్ళు, సొసైటీల్లో వాటాలున్న మత్స్యకారులు ఎలా బతకాలన్నారు. 2008లో ఐదో కాంటూరును మూడుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కుదించొద్దంది. 2025లో సుప్రీంకోర్టు సాధికార కమిటీ కొల్లేటికి వచ్చినప్పుడు కూడా జనం పట్టుకెళ్ళింది అదే విన్నపం.

ఇప్పుడు చూడండి అసలు తిరకాసు. మన కాగితంలో పదిమంది ‘కొల్లేరు’ అన్నారనుకుందాం. పైకి అది ఏకాభిప్రాయం. కానీ లంకలో ఉన్నాయన ‘కాంటూరు తగ్గించండి, బతకనివ్వండి’ అని. ఎగువన వరి వేసుకున్నాయన ‘గట్లు తీసేయండి, బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు లాగక మా చేలు మునుగుతున్నాయి’ అని. ఏలూరు మాస్టారు ‘పక్షులనూ సరస్సునూ పిల్లలకు మిగల్చండి’ అని. దిగువన ఉన్నాయన ‘ముందు ఉప్పుటేరు పూడిక తీయండి, ఉప్పునీళ్ళు ఎగదన్నకుండా చూడండి’ అని. సమస్య పేరు ఒకటే. కోరిక నాలుగు. ఏది ముఖ్యమో కొలిచినంత మాత్రాన ఏం కావాలో తెలియదు. మొదటి ప్రశ్న తర్వాత ‘దాన్ని ఏం చేయమంటారు?’ అనే రెండో ప్రశ్న అడక్కపోతే సర్వే సగంలో ఆగినట్టే.

లెక్క చూడగానే... లెక్కేసుకోండి!

ఈసారి పేపర్లోనో టీవీలోనో ‘ప్రజల ప్రధాన సమస్య’ అన్న సర్వే కనిపిస్తే ఈ ఆరూ చూడండి.

• ఎంతమందిని అడిగారు సరే, ఎలా ఎంచుకున్నారు? ఓటర్ల జాబితాలోంచా, వీధిలో దొరికినవాళ్ళనా, ఫోన్ ఎత్తినవాళ్ళనా?

• ఒక్కటే చెప్పమన్నారా, ఎన్నయినా చెప్పొచ్చా? శాతాలు వందకు మించితే రెండోదే.

• జాబితా చదివి వినిపించారా, ఊరికే అడిగారా?

• ఏ నెలలో అడిగారు? అప్పుడు పేపర్ల నిండా ఏ వార్త ఉంది?

• రాష్ట్రం లెక్కను జిల్లాకు, జిల్లా లెక్కను మీ ఊరికి అంటగడుతున్నారా?

• ‘ఇతరములు’ ఎంత శాతం? అందులో ఏమున్నాయో రాశారా?

మీ ఇంట్లోనే ఓ చిన్న సర్వే కూడా చేసి చూడొచ్చు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరికీ తలా ఓ చీటీ ఇవ్వండి. నానమ్మకూ, ఇంటర్ చదివే పిల్లకూ, పనిమనిషికీ. ‘మన ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద సమస్య’ ఒక్కటి రాసి మడత పెట్టమనండి. ఒకరిది ఒకరు చూడకూడదు. నానమ్మకు రాయడం రాకపోతే విడిగా వెళ్ళి అడగండి. అన్నీ విప్పి చూశాక ఆశ్చర్యం మీ వంతు. ఒకే కప్పు కింద ఇన్ని సమస్యలున్నాయా అనిపిస్తుంది. తర్వాత అందరూ కలిసి ఒక్కటే తేల్చమని చూడండి. గొంతు పెద్దదిగా ఉన్నవాళ్ళ చీటీ గెలుస్తుంది. మెల్లగా మాట్లాడేవాళ్ళది ‘ఇతరములు’లోకి జారిపోతుంది.

కొల్లేటి అరుగు మీద ‘కాంటూరు’ అన్న మనిషి చీటీ కూడా అలా జారిపోయిందే. దాన్ని బయటికి తీసి చదవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. సర్వే చేసేవాళ్ళు ఆ మాటను ఆ మాటగానే రాసుకోవాలి. చదివే మనం మొదటి వరసలోని పెద్ద అంకె దగ్గరే ఆగిపోకుండా చివరి గడి దాకా చూడాలి.

ఎందుకంటే, 1992కు ముందు ఎవరైనా సర్వే చేసి ఉంటే దూబగుంట ఆడవాళ్ళ మాట కూడా ఆ గడిలోనే ఉండేది!